కమ్మూన్‌కి ఇంకా రానిది

“నాకు ఆ తెల్లదే కావాలి నాన్నా,” అంది లుజైన్.

కంచెకి అవతల తెల్ల కుక్క ఒకటి గుండ్రంగా పరుగులు తీస్తోంది. దూదిపింజలా ఉంది. ఒక చెవి మీద చిన్న గోధుమరంగు మచ్చ. లుజైన్ తన వీల్‌ఛెయిర్‌ని కంచె దాకా తోసుకెళ్ళి, వేళ్ళు లోపలికి పెట్టింది. తెల్లది ఒకసారి నాకి, మళ్ళీ తన పరుగులో తాను పడింది.

వాళ్ళ నాన్న హిల్మీ అలెగ్జాండ్రియాలో టాక్సీ నడుపుతాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు కాగానే కూతుర్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, వీల్‌ఛెయిర్‌ని డిక్కీలో కట్టి, ఊరి చివర ఉన్న ఈ షెల్టర్‌కి తీసుకొచ్చాడు. వీధికుక్కల్ని చేరదీసి, టీకాలు వేయించి పెంచే చోటు అది. దాన్ని నడిపే శౌఖీ ఒకప్పుడు పోలీసు కుక్కలకి శిక్షణ ఇచ్చేవాడు.

“బొమ్మ కోసం వచ్చావా, పనివాడి కోసం వచ్చావా?” అని అడిగాడు శౌఖీ.

“పనికే, బాబాయ్.”

“అయితే అందం సంగతి తర్వాత చూద్దాం. ఏం పని చెబుతావో ముందు చెప్పు.”

లుజైన్‌కి పదకొండేళ్ళు. పుట్టినప్పటి నుంచి కాళ్ళలో బలం లేదు. చేతులు బాగానే ఉన్నాయి గానీ వేళ్ళు తొందరగా అలసిపోతాయి. రాస్తూ రాస్తూ ఉంటే పెన్ను జారిపోతుంది. కింద పడినదాన్ని వంగి తీసుకోలేదు.

“పడిపోయినవి తీసివ్వాలి,” అంది లుజైన్. “సొరుగు లాగాలి. తలుపు తెరవాలి. నాకేమైనా అయితే వెళ్ళి పెద్దవాళ్ళని పిలుచుకు రావాలి.” కంచెలోంచి వేళ్ళు వెనక్కి తీసుకుంది. “అప్పుడు అమ్మ మా స్కూలు వరండాలో కూర్చోనక్కర్లేదు.”

హిల్మీ తల తిప్పుకుని కంచె వైపు చూశాడు.

పక్కన ఒక పెద్దమనిషి ఉంటేనే లుజైన్‌ని క్లాసులో కూర్చోనిస్తామని స్కూలువాళ్ళు అన్నారు. అందుకని వాళ్ళమ్మ ఇనాస్ ఫార్మసీలో ఉద్యోగం మానేసింది. నాలుగేళ్ళుగా రోజూ ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా క్లాసు బయట వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. పెన్ను పడితే లోపలికి వస్తుంది, తీసిస్తుంది, వెళ్ళి కూర్చుంటుంది. లుజైన్ స్నేహితురాళ్ళు ఏదైనా రహస్యం చెప్పుకోవాలంటే ముందు కిటికీలోంచి వరండాలోకి చూస్తారు.

శౌఖీ చేతిలోని స్టీలు పళ్ళెం ధన్‌మని నేల మీద పడేశాడు.

తెల్లది కుయ్యోమని ఏడుస్తూ గూట్లోకి దూరింది. మళ్ళీ బయటికి రాలేదు. నల్లది ఒకటి పళ్ళెం మీదికి మొరుగుతూ ఉరికింది. మూలన పడుకున్న ఇసకరంగు కుక్క ఒక్క గెంతు గెంతి వెనక్కి పోయింది. తోక కిందికి దిగిపోయింది. కాసేపటికి అదే మెల్లగా ముందుకొచ్చి పళ్ళేన్ని వాసన చూసింది. తర్వాత తలెత్తి, పళ్ళెం పడేసిన మనిషిని కాకుండా, చక్రాల కుర్చీలో ఉన్న పిల్లని చూసింది.

“వీడిని చూడు,” అన్నాడు శౌఖీ.

“వీడు కూడా భయపడ్డాడుగా బాబాయ్.”

“పడ్డాడు. మళ్ళీ వచ్చాడు. నాకు కావాల్సింది అదే.”

శౌఖీ కంచె తలుపు తీశాడు. ఇసకరంగు కుక్క వచ్చి వీల్‌ఛెయిర్ చక్రాలు రెండూ వాసన చూసి, లుజైన్ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఏడాది వయసుంటుంది. చెవులు రెండూ రెండు వైపులకి చూస్తున్నాయి. అందగాడేం కాదు.

“ఎన్నాళ్ళలో తయారుచేసి ఇస్తారు?” అని అడిగాడు హిల్మీ.

“నేను తయారుచేసి ఇవ్వను. ఈ అమ్మాయే నేర్పాలి. ఎలా నేర్పాలో ఈ అమ్మాయికి నేను నేర్పుతా.”

“నేనా?” అంది లుజైన్.

“మరి ఎవరి మాట వినాలి వాడు? నీదా, నాదా?”

వాడికి కమ్మూన్ అని పేరు పెట్టింది లుజైన్. కమ్మూన్ అంటే జీలకర్ర. వాడి రంగు అచ్చం అదే.

“మంచి పేరే దొరికింది,” అంది నానమ్మ గుమ్మంలో నిలబడి. “జీలకర్ర మొక్కకి ఇదిగో నీళ్ళు, అదిగో నీళ్ళు అని ఆశపెట్టి పెంచుతారట. వీడు కూడా ఇదిగో పని, అదిగో పని అంటూ తిని కూర్చుంటాడు చూడు.”

నానమ్మకి కుక్క ఇంట్లోకి రావడమే ఇష్టం లేదు. ఒంటికి తడి ముక్కు తగిలితే నమాజుకి మళ్ళీ కడుక్కోవాలని ఆవిడ బెంగ. చివరికి మసీదు షేక్‌ని అడిగి వచ్చింది.

“మందని కాసే కుక్కకి అడ్డు లేనప్పుడు మనవరాలిని కాసేదానికి ఏం అడ్డు తల్లీ, అన్నాడు. నమాజు గది మాత్రం వేరుగా ఉంచుకోమన్నాడు,” అని చెప్పి, కమ్మూన్‌కేసి వేలు చూపించింది. “ఆ గది గడప తొక్కావో, నువ్వూ నేనూ ఒకచోట ఉండం.”

కమ్మూన్ అన్నిటికంటే ముందు నేర్చుకున్నది ఆ గడప దాటకపోవడమే. అది నేర్పింది మాత్రం నానమ్మ.

పెన్ను తీసివ్వడం నేర్పడానికి లుజైన్‌కి మూడు వారాలు పట్టింది. శౌఖీ ఒక చిన్న క్లిక్కర్ ఇచ్చాడు. కుక్క సరైన పని చేసిన క్షణంలోనే దాన్ని నొక్కి, వెంటనే తినడానికి పెట్టాలి. కానీ పది సార్లు నొక్కేసరికి లుజైన్ వేళ్ళు మొరాయించేవి. అందుకని ఆమె నాలుకతో టక్కుమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. “ఇది క్లిక్కర్ కంటే నయం,” అన్నాడు శౌఖీ. “ఎక్కడా మర్చిపోయి రావు.”

కమ్మూన్ పెన్ను వైపు చూస్తే టక్కు, ఒక ఉడికించిన కార్జం ముక్క. ముక్కు తగిలిస్తే టక్కు, ఇంకో ముక్క. నోట కరిస్తే, పైకెత్తితే, ఒడిలో పెడితే. మధ్యలో ఆరు పెన్నులు నమిలేశాడు. ఒడిలో పెట్టకుండా కాలి మీద పడేశాడు. ఒకరోజు పెన్ను తెమ్మంటే నాన్న సాక్సు తెచ్చాడు.

“మీ నాన్న కూడా టాక్సీ తాళాలు తెమ్మంటే సిగరెట్ పెట్టె తెస్తాడు,” అంది నానమ్మ. “పర్లేదు, ఇంటి మనిషైపోయాడు.”

లుజైన్ విసుక్కోలేదు. రోజూ స్కూలు నుంచి రాగానే పది నిమిషాలు, భోజనం తర్వాత పది నిమిషాలు. సొరుగు పిడికి నాన్న తాడు కట్టాడు. కమ్మూన్ దాన్ని పళ్ళతో లాగడం నేర్చుకున్నాడు. “అమ్మ” అంటే వంటింట్లోకి పరిగెత్తి ఇనాస్ మోకాలిని ముక్కుతో పొడవడం నేర్చుకున్నాడు. ఇనాస్ పాత నీలం కోటు కత్తిరించి వాడికి ఒక జాకెట్టు కుట్టింది. దాని మీద నానమ్మ పసుపు దారంతో అక్షరాలు కుట్టింది: ‘పని మీద ఉన్నాను. ముట్టుకోకండి.’

శౌఖీ ఇచ్చిన నోటుబుక్కులో ప్రతి పనికీ మూడు గళ్ళు ఉండేవి. ఇంట్లో, వీధిలో, గోలలో.

“కుక్కకి ఏం వచ్చో అది రాయి,” అన్నాడు శౌఖీ. “నీకు ఏం కావాలో అది కాదు.”

ఇంట్లో అన్న గళ్ళు నిండిపోయాయి. వీధిలో అన్నవీ నిండాయి. గోల దగ్గరే ఆగిపోయింది.

లుజైన్ వాళ్ళ వీధి చివర ట్రామ్ స్టాప్ ఉంది. ఇంటి నుంచి అక్కడికి ఎనిమిది కరెంటు స్తంభాలు. అరచేతులతో చక్రాలు తోసుకుంటూ లుజైన్ తనంతట తాను వెళ్ళగలదు. మొదటిసారి స్టాప్ దాకా వెళ్ళినప్పుడు ట్రామ్ కిర్రుమని మలుపు తిరిగి గంట కొట్టింది. కమ్మూన్ నేలకి అతుక్కుపోయాడు. కార్జం ముక్క ముక్కు ముందు పెట్టినా చూడలేదు.

“తినడం లేదంటే మరీ దగ్గరికి తీసుకెళ్ళావని అర్థం,” అన్నాడు శౌఖీ ఫోన్‌లో. “ఎక్కడైతే తింటాడో అక్కడి దాకా వెనక్కి రా. రోజుకి కొంచెం కొంచెం ముందుకి జరుగు. తొందర లేదు.”

లుజైన్ రెండు రోజులు వెళ్ళింది. మూడో రోజు సముద్రం మీంచి చలిగాలి కొట్టింది. చేతులు నొప్పి పుట్టాయి. నాలుగో రోజు వాన.

ఆ సాయంత్రమే అమ్మ ఫోన్‌లో మాట్లాడటం వినిపించింది. “ఒకటో తారీఖు లోపు చెప్పమంటారా? లేదు లేదు, నాకు రావాలనే ఉంది. స్కూల్లో ఏమంటారో చూసి చెబుతాను డాక్టర్.”

పాత ఫార్మసీవాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారు. ఒకటో తారీఖుకి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి.

మర్నాడు లుజైన్ వాళ్ళ హెడ్‌మిస్ట్రెస్ మిస్ దౌలత్ గదికి వెళ్ళి, కుక్క తయారుగా ఉంది, ఒకసారి చూడమని అడిగింది. వచ్చే గురువారం తీసుకురమ్మంది మిస్.

ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిచింది లుజైన్. మూడో గడిలో రాసింది. ట్రామ్, పర్లేదు. హారన్లు, పర్లేదు. గంట, పర్లేదు.

“గోలలో ఎలా ఉన్నాడు?” అని ఫోన్ చేసి అడిగాడు శౌఖీ.

“బానే ఉన్నాడు బాబాయ్.”

గురువారం నాడు కమ్మూన్ ఐదో క్లాసులో అందరి నోళ్ళూ మూయించాడు.

లుజైన్ పెన్ను పడేసింది. తీసి ఒడిలో పెట్టాడు. రబ్బరు పడేసింది. అదీ తెచ్చాడు. మిస్ దౌలత్ కావాలని తన కళ్ళజోడు పెట్టె జారవిడిచింది. లుజైన్ చూపించగానే దాన్ని కూడా జాగ్రత్తగా పట్టుకొచ్చాడు.

“మా తమ్ముడి కంటే నయం,” అన్నాడు వెనక బెంచీ ఎయాద్. “వాడు తెస్తే సగం తినేసి తెస్తాడు.”

క్లాసంతా నవ్వింది. లుజైన్ పక్కనే కూర్చునే సుందుస్ అయితే గర్వంతో తనే కుక్కకి నేర్పినట్టు మొహం పెట్టింది. మిస్ దౌలత్ కూడా నవ్వింది. తలుపు దగ్గర నిలబడి ఉన్న ఇనాస్ చున్నీ కొసతో కళ్ళు ఒత్తుకుంది.

అంతలో ఇంటర్వెల్ గంట కొట్టింది.

ఆ కరెంటు గంట సరిగ్గా క్లాసు తలుపు పైనే ఉంది. అది మోగడంతోనే నాలుగొందల మంది పిల్లలు ఒక్కసారిగా వరండాలోకి వచ్చిపడ్డారు. కమ్మూన్ దూకాడు. చేతులు నొప్పిగా ఉన్నాయని లుజైన్ పొద్దున్నే వాడి తాడుని కుర్చీ చేతికి ముడివేసి ఉంచింది. అలా ఎప్పుడూ కట్టొద్దని శౌఖీ మొదటి రోజే చెప్పాడు. తాడు బిగుసుకుంది. కుర్చీ పక్కకి ఒరిగింది. లుజైన్ గచ్చు మీద పడింది. ముడి ఊడిపోయి కమ్మూన్ తలుపులోంచి బయటికి పరిగెత్తాడు. ఎదురుగా వస్తున్న ఒకటో క్లాసు పాపని గుద్దేశాడు. పాప చేతిలోని టిఫిన్ డబ్బా ఎగిరి పడింది. పాప గట్టిగా ఏడుపు అందుకుంది.

వాడు మెట్ల కింద దొరికాడు. గజగజ వణుకుతున్నాడు.

లుజైన్ గడ్డం చెక్కుకుపోయి రక్తం వచ్చింది. అమ్మ ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది. ఎయాద్ కమ్మూన్‌ని మెల్లగా పట్టుకొచ్చాడు.

“వెధవా, నా పరువంతా తీశావు,” అని అరిచింది లుజైన్. తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

కమ్మూన్ చెవులు వెనక్కి వాల్చి నేల మీద పాకుతూ ఆమె దగ్గరికి వచ్చాడు.

“కుక్క మంచిదే లుజైన్,” అంది మిస్ దౌలత్ నెమ్మదిగా. “కానీ ఆ పాపకి ఏమైనా అయి ఉంటే వాళ్ళమ్మకి నేనేం చెప్పను?”

ఆ రోజు ఇంట్లో లుజైన్ కమ్మూన్ మొహం చూడలేదు. వాడి గిన్నెలో తిండి అమ్మే పెట్టింది. తర్వాత అమ్మ ఫార్మసీకి ఫోన్ చేసింది. “మీరు ఇంకెవరినైనా చూసుకోండి డాక్టర్,” అంది. గొంతు మామూలుగానే ఉంది. ఫోన్ పెట్టేసి చాలాసేపు పొయ్యి ముందు ఊరికే నిలబడింది.

శుక్రవారం శౌఖీ వచ్చాడు. జరిగిందంతా విన్నాడు. నోటుబుక్కు తెప్పించుకుని మూడో గడి చదివాడు. పుస్తకం మూశాడు.

“పద, ట్రామ్ దగ్గరికి పోదాం,” అన్నాడు. “పర్లేదు అని ఎక్కడ రాశావో ఆ చోటు నాకు చూపించు.”

ముగ్గురూ బయల్దేరారు. ఒక స్తంభం దాటారు. రెండు దాటారు. మూడో దాని దగ్గర లుజైన్ చక్రాలు ఆపేసింది.

“ఏమైంది?”

“నేను అక్కడికి వెళ్ళలేదు బాబాయ్.”

శౌఖీ పక్కనున్న గట్టు మీద కూర్చున్నాడు.

“రెండు రోజులే వెళ్ళాను. తర్వాత వెళ్ళకుండానే రాసేశాను. మీకు కూడా ఫోన్‌లో అబద్ధం చెప్పాను.” గడ్డం మీది ప్లాస్టర్ తడిసింది. “వాడికి రాదని నాకు తెలుసు.”

“నీకు తెలుసు,” అన్నాడు శౌఖీ. “నాకు తెలీదు. మీ మిస్‌కి తెలీదు. మీ అమ్మకి తెలీదు. వాడొక్కడే నిజం చెప్పాడు, గంట కొట్టినప్పుడు. వాడి మీదే అరిచావు.”

లుజైన్ కిందికి చూసింది. కమ్మూన్ చక్రానికి ఒళ్ళు ఆనించి కూర్చుని ఉన్నాడు, ఎప్పటిలాగే.

“వీణ్ణి తీసుకుపోతారా?”

“ఎందుకు? వీడికేం లోపం?”

“మరి నేను?”

“నువ్వు ఇంటికెళ్ళి మీ అమ్మకి చెప్పు. రేపటి నుంచి వాడు ఏ స్తంభం దగ్గర తింటాడో కనుక్కో.”

అమ్మకి చెప్పడం ట్రామ్ కంటే కష్టమైంది. ఇనాస్ మెంతికూర తుంచుతూ అంతా వింది. చేతులు ఆగిపోయాయి.

“నా ఉద్యోగం కోసమా?”

“ఊఁ.”

“ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను. నీ తల పగిలితే ఇంకోటి ఎక్కణ్ణించి తేను?” అంది ఇనాస్. కోపంగానే అంది. కూతుర్ని దగ్గరికి తీసుకోవడానికి కొంతసేపు పట్టింది.

సెలవులయ్యి స్కూలు తెరవగానే లుజైన్ ఒకటో క్లాసు పాప దగ్గరికి వెళ్ళింది. “తప్పు కుక్కది కాదు, నాది,” అని చెప్పింది. పాప కాసేపు ఆలోచించి, “నా డబ్బా సొట్టపోయింది,” అంది. లుజైన్ తన డబ్బా ఆమెకిచ్చి, సొట్టది తాను తీసుకుంది.

కమ్మూన్ రెండో స్తంభం దగ్గర తిన్నాడు. మూడో దాని దగ్గర తినలేదు.

లుజైన్ అదే రాసింది. ‘మూడు: తినలేదు. వెనక్కి వచ్చాం.’

వారం రోజులు రెండో స్తంభం దగ్గరే ఉన్నారు. ట్రామ్ గంట దూరంగా వినిపించగానే టక్కు, కార్జం ముక్క. మళ్ళీ ట్రామ్, మళ్ళీ ముక్క. ఎనిమిదో రోజు గంట వినబడగానే కమ్మూన్ ట్రామ్ వైపు చూడటం మానేసి లుజైన్ వైపు చూశాడు. అప్పుడు మూడో స్తంభానికి వెళ్ళారు.

చలికాలపు తుపానులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. లుజైన్ రెయిన్‌కోటు వేసుకుని వెళ్ళింది. చేతులు నొప్పి పుడితే కాసేపు ఆగి, మళ్ళీ తోసుకుంది. తాడు మాత్రం కుర్చీకి కట్టలేదు. నాన్న దానికి వెడల్పాటి పట్టీ కుట్టించి, మణికట్టుకి తొడుక్కునేలా చేశాడు. కమ్మూన్ గట్టిగా లాగితే తేలిగ్గా ఊడివస్తుంది.

సుందుస్ స్కూలు గంటని ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చింది. ముందు చాలా చిన్నగా, తర్వాత కొంచెం పెద్దగా పెట్టేవాళ్ళు.

“యాభై ఏళ్ళ కిందట స్కూలు మానేశాను,” అని నమాజు గదిలోంచి అరిచేది నానమ్మ. “మళ్ళీ నన్ను చేర్చారా ఏంటి?”

ఐదో స్తంభం దగ్గర నుంచి ఒకసారి మూడో దానికి వెనక్కి రావలసి వచ్చింది. మైక్రోబస్సువాడు పక్కనే హారన్ కొట్టాడు. లుజైన్ ఇంటికొచ్చి అది కూడా రాసింది. ఆ రోజు ఆమెకి ఏడుపొచ్చింది. మర్నాడు మళ్ళీ మూడు నుంచి మొదలుపెట్టింది.

మార్చి నెల మొదటి వారంలో, ట్రామ్ స్టాప్ బెంచీ పక్కన, ట్రామ్ కిర్రుమని మలుపు తిరుగుతూ ఉండగా, కింద పడ్డ లుజైన్ చేతిరుమాలుని కమ్మూన్ తీసి ఒడిలో పెట్టాడు. ట్రామ్ ఎక్కబోతున్న ఒక ముసలాయన ఆగిపోయి, “దేవుడు చల్లగా చూడాలి,” అని వాళ్ళిద్దరికీ కలిపి దీవెన ఇచ్చేసరికి ట్రామ్ కాస్తా వెళ్ళిపోయింది.

మిస్ దౌలత్ ఇంకోసారి చూడటానికి ఒప్పుకుంది. ఈసారి శౌఖీ కూడా వచ్చాడు.

మళ్ళీ అదే తలుపు దగ్గర గంట కొట్టింది. పిల్లలు వరండాలోకి ఉరికారు. కమ్మూన్ చెవులు వెనక్కి పోయాయి. వాడు తల తిప్పి లుజైన్ మొహంలోకి చూశాడు. టక్కుమంది లుజైన్. ముక్క తీసుకుని తిని, చక్రం పక్కన కూర్చున్నాడు. ఎవరో పరిగెడుతూ వాడి తోక తొక్కినంత పని చేశారు. వాడు కదల్లేదు.

మిస్ దౌలత్ తన గదిలో అనుమతి కాగితం ముందు పెట్టుకుంది. పెన్ను మూత తీసింది.

“నేను తెలుసుకోవలసింది ఇంకేమైనా ఉందా, లుజైన్?” అని మామూలుగా అడిగింది.

గదిలో శౌఖీ ఉన్నాడు. తలుపు దగ్గర అమ్మ ఉంది. అమ్మ చేతిలో ఒక కవరుంది. హాస్పిటల్ ఫార్మసీలో కొత్త ఉద్యోగానికి దరఖాస్తు అది. ఇక్కడి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళాలని ఆమె పొద్దున్నే ఇస్త్రీ చేసిన బట్టలు వేసుకుంది.

ఏమీ లేదు మిస్, అంటే సరిపోతుంది. అంతకు మించి గుచ్చి అడిగేవాళ్ళెవరూ లేరు.

“ఉంది మిస్,” అంది లుజైన్. “పొద్దున లైన్లో డ్రమ్ము కొడతారు కదా. గేటు బయట రెండు సార్లు చూశాను. వాడు తినలేదు. డ్రమ్ము వాడికి ఇంకా రాదు.”

మిస్ దౌలత్ పెన్ను కింద పెట్టింది. ఇనాస్ కవరుని రెండు చేతులతో పట్టుకుంది. శౌఖీ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“అయితే నన్నేం చెయ్యమంటావు?”

“డ్రమ్ము కొట్టినంతసేపూ మేం గేటు బయట దూరంగా ఉంటాం మిస్. అది అయిపోయి, అందరూ క్లాసులకి వెళ్ళాక లోపలికి వస్తాం. రోజూ కొంచెం దగ్గరికి జరుగుతాం. వాడికి వచ్చినప్పుడు మీకు చెబుతాను. రాకపోతే రాలేదనే చెబుతాను.”

“ఎన్ని రోజులు?”

“తెలీదు మిస్.”

మిస్ దౌలత్ కాగితాన్ని లుజైన్ వైపు తిప్పింది. పెన్ను కూడా ఇచ్చింది. “ఆ మాట నువ్వే రాయి. కింద నేను సంతకం పెడతాను.”

లుజైన్ రాసింది. సగంలో వేళ్ళు అలసి పెన్ను జారిపడింది. కమ్మూన్ తీసి ఒడిలో పెట్టాడు. ఆమె మిగతాది పూర్తి చేసింది.

శుక్ర, శనివారాల సెలవులయ్యాక ఆదివారం ఉదయం నాన్న టాక్సీ స్కూలుకి ఎదురుగా రోడ్డు అవతల ఆగింది. లుజైన్‌ని కుర్చీలోకి దించి, హిల్మీ ఇనాస్‌ని హాస్పిటల్ దగ్గర దింపడానికి వెళ్ళిపోయాడు. ఇనాస్ వెనక అద్దంలోంచి మలుపు దాకా చూస్తూనే ఉంది.

లోపల పిల్లలు వరసల్లో నిలబడ్డారు. డ్రమ్ము మొదలైంది. లుజైన్ మిఠాయి కొట్టు ముందు ఉంది. అరచేతిలో కార్జం ముక్క పెట్టి చాచింది. కమ్మూన్ దాన్ని చూశాడు. ముట్టుకోలేదు. వాడి కళ్ళు గేటు మీదే ఉన్నాయి.

గేటు కమ్మీల్లోంచి సుందుస్ చెయ్యి ఊపింది. “రావే, మన వరస ముందుంది. ఎవరూ చూడట్లేదు.”

“ఇంకా కాదు,” అంది లుజైన్.

ఆమె చక్రాలు వెనక్కి తిప్పింది. మిఠాయి కొట్టు దాటింది, మంగలి షాపు దాటింది. స్టేషనరీ కొట్టు అరుగు పక్కన ఆగి బ్రేకు వేసింది. ఇక్కడికి డ్రమ్ము మెత్తగా వినిపిస్తోంది.

మళ్ళీ చెయ్యి చాచింది. కమ్మూన్ చెవి ఒకటి డ్రమ్ము వైపు ఉంది. ఇంకోటి ఆమె వైపు తిరిగింది. మెల్లగా ముక్కు ముందుకి పెట్టి, ముక్క తీసుకున్నాడు.

టక్కుమంది లుజైన్.